పంట పోతే అది దేవుడి తీర్పేనా? హగ్గయి, ఆమోసు, యోవేలు అసలేమన్నారు?

నల్లరేగడి:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది ప్రకాశం జిల్లా. నాన్న శనగ వేస్తారు. పోయినేడు విత్తిన పదో రోజున తుఫాను వాన పట్టుకుంది. చేలో మూడు రోజులు నీళ్ళు నిలబడి మొలకంతా కుళ్ళిపోయింది. విత్తనాలు మళ్ళీ కొని మళ్ళీ విత్తాం. అదును దాటాక వేసిన పంట కదా, మామూలు దిగుబడిలో సగం కూడా రాలేదు.

ఉగాదికి ముందు ఒక ఆదివారం మా ఊరి మందిరానికి బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. బైబిల్లో హగ్గయి ప్రవక్త గ్రంథం మొదటి అధ్యాయం తీసి, మీరు విస్తారంగా విత్తారు, కొంచెమే పండింది, ఎందుకో తెలుసా అని అడిగాడు. దశమభాగం, అంటే రాబడిలో దేవుడికివ్వాల్సిన పదో వంతు, ఎగ్గొట్టిన ఇంటి మీదికే తెగులొస్తుందని తనే జవాబు చెప్పాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ ఊళ్ళో రెండుసార్లు విత్తింది ఎవరో అందరికీ తెలుసు. నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేను కోప్పడితే, "ఆయన చదివింది బైబిల్లో ఉన్నదేగా" అన్నారు. ఇంకో మాట లేదు.

సండే స్కూల్ తర్వాత నేను బైబిల్ తీసింది లేదు. నమ్మమనో మానమనో చెప్పొద్దు. ఆ ప్రవక్తలు నిజంగా ఏమన్నారు, ఎవరితో అన్నారు, అది చెప్పండి చాలు.

వడగళ్ళు:
అన్నా, దీనికి వాతావరణ శాఖ బులెటిన్ చాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం, తర్వాత వాయుగుండం, తర్వాత తుఫాను. ఇందులో దశమభాగం ఎక్కడుంది? మీ పక్క చేను వాళ్ళు బాగానే ఇచ్చారట కదా, వాళ్ళది కుళ్ళలేదా?

నల్లరేగడి:
కుళ్ళింది. వాళ్ళాయన సంఘ పెద్ద కూడా.

గుండ్లకమ్మ:
బాబూ, నేను రిటైరైన తెలుగు టీచర్ని, ముప్ఫై ఏళ్ళుగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను. ముందు ఒక్క మాట. హగ్గయి గ్రంథం రెండే అధ్యాయాలు, మొత్తం 38 వచనాలు. ఇంకోసారి చదివి చూసుకుని మరీ రాస్తున్నాను, అందులో దశమభాగం అన్న మాటే లేదు. ఆ మాట ఉన్నది మలాకీ అనే ఇంకో ప్రవక్త గ్రంథంలో. మీ ప్రసంగీకుడు మలాకీని తెచ్చి హగ్గయికి అతికించాడు.

హగ్గయి మాట్లాడింది క్రీ.పూ. 520లో, పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట, ఆరో నెల మొదటి రోజున. మన లెక్కలో ఆగస్టు చివర. అప్పటికి యూదాలో గోధుమలు, యవలు నూర్చడం అయిపోయి, ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి. ఏడాది పంట ఎంతో అందరికీ తెలిసిపోయిన రోజులన్నమాట. మాట వెళ్ళింది ముందుగా అధికారి జెరుబ్బాబెలుకూ, ప్రధానయాజకుడు యెహోషువకూ. యూదులు బబులోను చెర నుంచి యెరూషలేముకి తిరిగొచ్చి దాదాపు 18 ఏళ్ళయింది. దేవాలయం ఇంకా పాడుగానే ఉంది. ఆ సమయం ఇంకా రాలేదు అని జనం వాయిదా వేస్తున్నారు. చెక్క పలకలు తాపడం చేసిన ఇళ్ళలో మీరు కాపురముంటూ ఆ మాట ఎలా అంటారు అన్నది ప్రవక్త ప్రశ్న. తర్వాత వరసగా చెబుతాడు: విత్తారు పండలేదు, తిన్నారు ఆకలి తీరలేదు, కప్పుకున్నారు చలి ఆగలేదు, కూలివాడి జీతం చినిగిపోయిన సంచిలో వేసినట్టు పోయింది.

కాబట్టి పంట పోవడానికీ దేవుడికీ సంబంధం ఉందని హగ్గయి అన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ అది ఊరంతటినీ కలిపి అన్నది. ఫలానా ఇంటాయన చేను అని ఒక్కడి వైపు వేలు చూపించలేదు.

డల్లాస్_నుంచి_దాసు:
టీచర్ గారు చెప్పిన దానికి ఒక చిన్న తోక. ఇక్కడ సాయంత్రం క్లాసుల్లో రెండేళ్ళు హీబ్రూ నేర్చుకున్నాను, ఆ మాత్రం గర్వం క్షమించాలి.

దేవాలయం "పాడైపోయింది" అనడానికి హగ్గయి వాడిన మాట హారేవ్. కొండల మీదికి, ధాన్యం మీదికి, ద్రాక్షారసం మీదికి, నూనె మీదికి పిలిపించానన్న "అనావృష్టి" హోరెవ్. రెండూ రాతలో ఒకటే, అవే మూడు అక్షరాలు. అప్పట్లో అచ్చులు రాసేవాళ్ళు కాదు. అంటే నా ఇల్లు హ-ర-వ, మీ పొలం కూడా హ-ర-వ. విన్నవాడి చెవికి టక్కున తగిలే శ్లేష. తెలుగులో "పాడు" ఒక చోట, "అనావృష్టి" ఇంకో చోట వచ్చేసరికి ఆ ముడి ఊడిపోయింది.

మట్టి_పరీక్ష:
వ్యవసాయ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మతం సంగతి మీరు చూసుకోండి, నేను నేల సంగతి చెబుతా.

యెరూషలేములో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. మన అనంతపురం కూడా దాదాపు అంతే. తేడా ఎక్కడంటే, అక్కడ వేసవిలో చుక్క పడదు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపే మొత్తం పడాలి. మొదటి వాన యోరె, నేల మెత్తబడి దున్నకం సాగడానికి. చివరి వాన మల్కోష్, మార్చి ఏప్రిల్‌లో గింజ పాలు పోసుకునేటప్పుడు. తెలుగు బైబిల్లో తొలకరి వర్షము, కడవరి వర్షము అంటారే, అవే. మనకి తొలకరి అంటే మృగశిర, వాళ్ళకి అక్టోబర్. ఈ తేడా తెలియక చదివితే క్యాలెండరంతా తలకిందులవుతుంది.

ద్వితీయోపదేశకాండం 11లో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, మీరు కూరతోటకి పెట్టినట్టు కాలితో నీళ్ళు పెట్టుకునేవాళ్ళు, ఇప్పుడు వెళ్ళే దేశం ఆకాశపు నీళ్ళు తాగే కొండలూ లోయలూ అంటాడు. నీటిపారుదల వ్యవసాయం వదిలి వర్షాధారానికి వెళ్తున్నారు అని నేరుగా చెప్పినట్టే. నైలు లాంటి నది ఉన్నవాడు వాన కోసం అంతగా ఆకాశం వైపు చూడడు. మెట్ట రైతు రోజూ చూస్తాడు. కృష్ణా కాలువ కింద డ్యూటీ చేశాను, కదిరి వైపూ చేశాను. దేవుడి గురించి మాట్లాడే తీరు రెండు చోట్లా ఒకటి కాదు.

ఇంకోటి. ఆమోసు 4:9లో, హగ్గయి 2:17లో జంటగా రెండు తెగుళ్ళొస్తాయి. తెలుగు బైబిల్లో రెండోది "కాటుక". కాటుక తెగులంటే మన రైతుకి గుర్తొచ్చేది జొన్న కంకి నల్లటి పొడిగా మారిపోవడం, చెరుకు మొవ్వులోంచి నల్లటి కొరడా రావడం. హీబ్రూలో కూడా నలుపేనా దాసు గారూ?

డల్లాస్_నుంచి_దాసు:
కాదండీ. మాట యెరాకోన్. పాలిపోవడం, పచ్చబారడం. యిర్మీయా 30:6లో భయంతో జనం ముఖాలు తెల్లబోవడానికి కూడా అదే మాట. మొదటిది షిద్దాఫోన్, మాడిపోవడం. ఐగుప్తు రాజు ఫరో కలలో తూర్పుగాలికి మాడిన వెన్నులకి వాడింది ఆ ధాతువే.

మట్టి_పరీక్ష:
అదీ సంగతి. ఒకటి ఎడారి వైపు నుంచి వచ్చే వడగాలి దెబ్బ, ఇంకోటి పైరు పసుపెక్కడం. ఆ పసుపు తుప్పు తెగులా, నీరెక్కువై వేరు ఊపిరాడకపోవడమా, 2,500 ఏళ్ళ తర్వాత ల్యాబ్ రిపోర్ట్ ఎవరిస్తారు గానీ, నలుపు మాత్రం కాదు. ఒకటి ఎండ ఎక్కువైనందుకు, ఒకటి తేమ ఎక్కువైనందుకు అనుకుంటే రెండు వైపుల నుంచీ దెబ్బ. నల్లరేగడి తమ్ముడూ, మీ శనగ మొలక కుళ్ళింది రెండో బాపతు.

శాసనాల_పిచ్చి:
ఇంత మంచి థ్రెడ్ నడుస్తుంటే నాకెవరూ చెప్పలేదేం?

ఈ "విత్తుతావు, కొయ్యవు" అన్న మాట హీబ్రూ ప్రవక్తలు పుట్టించింది కాదు. 1979లో సిరియాలో తెల్ ఫెఖెరియె దగ్గర పొలం పనుల్లో ఒక రాతి విగ్రహం బయటపడింది. గూజాన అనే పట్టణపు పాలకుడిది, క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దం అంటారు. ఒంటి మీద అక్కదు, అరమాయిక్ రెండు భాషల్లోనూ శాసనం. చివర శాపం: గుడి సామాన్ల మీద నా పేరు చెరిపినవాడు విత్తాలి, కొయ్యకూడదు. వెయ్యి కొలతల యవలు విత్తి అర కొలత తెచ్చుకోవాలి. నూరు మంది ఆడవాళ్ళు ఒక పొయ్యిలో రొట్టెలు కాల్చినా అది నిండకూడదు.

ఇప్పుడు లేవీయకాండం 26 తీయండి. పదిమంది స్త్రీలు ఒకే పొయ్యిలో రొట్టె కాలుస్తారు, తూచి పంచుతారు, తిన్నా తృప్తి ఉండదు. ఇల్లు వేరు, పొయ్యి అదే.

అస్సూరు రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో సామంతుల చేత చేయించిన ప్రమాణాల్లో నేల ఇనుమవ్వాలి, కంచు ఆకాశం నుంచి వాన పడనట్టు మీ మీద పడకూడదు అని ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 28:23లో ఆకాశం ఇత్తడి, భూమి ఇనుము. లేవీయకాండం 26:19లో తిరగేసి ఆకాశం ఇనుము, భూమి ఇత్తడి. లోహాలు అటూ ఇటూ మారాయి గానీ వాన మాత్రం పడలేదు.

మన దానశాసనాల చివర ఉంటుంది కదా, ఈ ధర్మం చెరిపినవాడు గంగ ఒడ్డున గోవుని చంపిన పాపాన పోతాడని, అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. అలాంటిదే. ఒప్పందం చివర శాపం రాయడం అప్పటి దస్తావేజు పద్ధతి.

వడగళ్ళు:
అంటే కాపీ పేస్ట్. చూశారా, నేను చెప్పింది అదే.

శాసనాల_పిచ్చి:
తమ్ముడూ, దస్తావేజు ఫార్మాట్ ఒకటైనంత మాత్రాన అన్ని దస్తావేజులూ ఒకటవుతాయా? గూజాన పాలకుడి శాపం తగిలేది తన పేరు చెరిపినవాడికి. ఎసర్హద్దోను శాపం తగిలేది తన కొడుకు మీద తిరగబడినవాడికి. ఆమోసు, మీకా, యెషయా అదే ఫార్మాట్ తీసుకుని కారణం దగ్గర ఏం రాశారో చూడు. అసలు కథ ఆ ఖాళీలోనే ఉంది.

గుండ్లకమ్మ:
ఆ ఖాళీ నేను పూరిస్తాను, మా సండే స్కూల్ పిల్లలకి చెప్పేదే.

మీకా 6:15: విత్తుతావు కొయ్యవు, ఒలీవలు తొక్కుతావు నూనె పూసుకోవు. నాలుగు వచనాలు వెనక్కి వెళ్ళండి. తప్పు త్రాసు, దొంగ రాళ్ళున్న సంచి. ఆమోసు 8లో ఇంకా విడమరిచి చెబుతాడు. పండగ ఎప్పుడైపోతుంది, ఎప్పుడు కొట్టు తెరుద్దాం, కొలత తగ్గిద్దాం, వెల పెంచుదాం, తాలు గింజలు కూడా అమ్మేద్దాం అనేవాళ్ళ గురించి. ఆమోసు తెకోవ ఊరివాడు, పశువులు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. వ్యాపారి కొలత ఎక్కడ తగ్గిస్తాడో అలాంటివాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఇక యెషయా 5. ఇల్లుకి ఇల్లు కలుపుకుని, చేనుకి చేను కలుపుకుని, మిగతావాళ్ళకి చోటు లేకుండా చేసేవాళ్ళకి శ్రమ, అంటే కీడు తప్పదు, అంటాడు. వెంటనే దిగుబడి లెక్క చెబుతాడు. తెలుగులో తూము, కుంచం అని మన కొలతలు పెట్టారు గానీ అసలు లెక్క వేరు. ఒక హోమెరు గింజలు విత్తితే ఒక ఏఫా వస్తుంది. యెహెజ్కేలు 45:11 ప్రకారం హోమెరులో పదో వంతు ఏఫా. పది బస్తాలు విత్తితే ఒక బస్తా. పండడం మాట దేవుడెరుగు, విత్తనమే తొమ్మిది వంతులు పోయింది. పది జతల ఎడ్లు ఒక రోజంతా దున్నేంత ద్రాక్షతోట నుంచి వచ్చేది ఒక్క బత్తు రసం, ఇరవై లీటర్ల పైచిలుకు. ఒక వాటర్ క్యాను.

పొలాలు కలుపుకున్నవాడి భూమే పండదట. పొలం పోగొట్టుకున్నవాణ్ణి యెషయా ఇక్కడ ఒక్క మాట అనలేదు.

మట్టి_పరీక్ష:
పది విత్తితే ఒకటి! సర్వీసంతా కరువు మండలాల్లో తిరిగినా అంత ఘోరం అరుదుగా చూశాను. చమత్కారం గమనించారా, ఆ రైతుకి మిగిలిన మొత్తం పంటే దశమభాగం.

కోతపండుగ:
క్షమించాలి, నేను కాస్త వేరే మాట చెబుతాను. పాస్టర్‌ని. ఆ ప్రసంగీకుణ్ణి సమర్థించను, ఒక కుటుంబాన్ని ఎత్తిపొడవడం తప్పే. కానీ ఇక్కడ ప్రవక్తలందరినీ రైతు సంఘం నాయకుల్ని చేసేస్తున్నారు. అలా కుదరదు. ఆమోసు 4 మళ్ళీ చదవండి. నేనే పళ్ళకి పని లేకుండా చేశాను, నేనే వాన ఆపాను, నేనే తెగులు పంపాను అంటాడు. ఐదుసార్లు "అయినను మీరు నాతట్టు తిరిగినవారు కారు" అన్న పల్లవి. తీర్పు అనే మాట మనకి ఇబ్బందిగా ఉందని తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

పైగా ఆ వాన ఒక ఊళ్ళో కురిసి పక్క ఊళ్ళో కురవలేదు, ఒక చేను తడిసి పక్క చేను ఎండింది అంటాడు. కురవని ఊరివాళ్ళు ఎక్కువ పాపం చేశారని మాత్రం అనడు. అందరూ కలిసి తిరిగి రమ్మనే పిలుపు అది. నేను కోతపండుగ నాడు చెప్పేది ఇదే.

వడగళ్ళు:
రోడ్డుకి అటు వాన, ఇటు దుమ్ము. క్యుములోనింబస్ మేఘాలున్న ప్రతిచోటా జరిగేదే కదండీ పాస్టర్ గారూ.

కోతపండుగ:
ఆమోసుకీ తెలుసు బాబూ అది ప్రతి ఏడూ జరిగేదని. పశువులు కాసినవాడికి మేఘం ఎటు పోతుందో నువ్వు చెప్పాలా? తెలిసిన దాంట్లోనే అర్థం చూశాడు.

డల్లాస్_నుంచి_దాసు:
పాస్టర్ గారు ఎత్తిన వచనంలో పంటికి సంబంధించిన మాట ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఆమోసు 4:6లో తెలుగు బైబిల్ "దంతశుద్ధి" అంటుంది. చిన్నప్పుడు మా సంఘంలో ఒకాయన దాని మీద పళ్ళు తోముకోవడం గురించి ప్రసంగం చేశాడు! హీబ్రూలోనూ అచ్చంగా పళ్ళ శుభ్రమే. తిండి లేక పళ్ళ సందుల్లో ఏమీ ఇరుక్కోలేదని వెటకారం.

కోతపండుగ:
హహ. ఆ ప్రసంగం నేనూ విన్నట్టున్నాను.

శాసనాల_పిచ్చి:
పాస్టర్ గారి పాయింటు గట్టిదే, ఒప్పుకుంటాను. అయితే యోవేలుని ఏం చేద్దాం? అక్కడ మిడతలొస్తాయి, ఒకటి వదిలింది ఇంకోటి తింటుంది, నాలుగు పేర్లు. అంజూరపు చెట్టు బెరడు ఒలిచి కొమ్మలు తెల్లబడ్డాయి. మట్టిగడ్డల కింద గింజలు ఎండిపోయాయి, కొట్లు కూలిపోయాయి. ఉపవాసం ప్రకటించండి, బట్టలు కాదు గుండెలు చింపుకోండి అంటాడు. తిరిగి రండి అంటాడు, దేన్నుంచి తిరిగి రావాలో మాత్రం చెప్పడు. మొత్తం పుస్తకం వెతికినా యూదావాళ్ళు ఫలానా తప్పు చేశారు కాబట్టి మిడతలొచ్చాయి అన్న వాక్యం దొరకదు.

1915లో యెరూషలేము మీద నిజంగానే అలాంటి దండు పడింది. మార్చిలో మొదలై నెలల తరబడి. అక్కడి అమెరికన్ కాలనీవాళ్ళు తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఫొటోలో ఆకుతో నిండిన అంజూరపు చెట్టు, పక్క ఫొటోలో అదే చెట్టు ఎముకల గూడులా. తెల్లటి కొమ్మలతో సహా. అప్పుడు ఏలుతున్నది ఒట్టోమన్ ప్రభుత్వం. 15 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు తలా 20 కిలోల మిడత గుడ్లు ఏరి తేవాలని, లేకపోతే జరిమానా అని ఆర్డరు. యోవేలు కాలంలో ఉపవాసం, 1915లో గుడ్ల కోటా.

గుండ్లకమ్మ:
యోవేలు పాపం పేరు చెప్పలేదన్నది నిజం. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పాను గానీ ఆ వైపు నుంచి చూడలేదు. థాంక్స్ నాయనా.

డల్లాస్_నుంచి_దాసు:
పంట పోతే కారణం చెప్పడం ఎంత జారుడు వ్యవహారమో తెలియాలంటే యిర్మీయా 44 చదవాలి. నాకు బైబిల్లో అంతకన్నా నిజాయితీ గల గొడవ కనిపించలేదు.

యెరూషలేము కూలిపోయింది. మిగిలినవాళ్ళు ఐగుప్తుకి పారిపోయారు. ఆకాశరాణి అనే దేవతకి ధూపం వేశారు కాబట్టే ఇదంతా అని యిర్మీయా అంటాడు. జనం, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎదురు తిరుగుతారు. ఆకాశరాణికి ధూపం వేసిన రోజుల్లో మాకు కడుపునిండా రొట్టె ఉండేది, ఏ కీడూ చూడలేదు, మానేసిన రోజు నుంచే అన్నీ కరువయ్యాయి అంటారు. అవే కష్టాలు, సరిగ్గా తిరగేసిన కారణం. పుస్తకం కూర్చినవాళ్ళు ఆ మాటని తీసేయలేదు, ఉంచారు.

వడగళ్ళు:
ఈ ఆడవాళ్ళు నాకు నచ్చారు.

ఒక సభ్యుడు:
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్:
మతం మార్పిడి, కులం మీద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఇక్కడ నడుస్తున్నది ప్రవక్తల గురించి. ఆ గొడవ కావాలంటే వేరే దారం పెట్టుకోండి, అక్కడా తీసేస్తాను.

గుండ్లకమ్మ:
మోడరేటర్ గారూ, తీసేసిన పోస్టులో ఒక మాట కరువులో మతం గురించి కాబట్టి, గొడవ లేకుండా ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. నేను ఇక్కడ పేరుగా పెట్టుకున్న నది ఒడ్డు కథే.

1876-78 కరువులో ఒంగోలు మిషన్‌లో జాన్ క్లౌ అనే దొర ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని ఇచ్చాడు. ఆ కరువు నెలల్లో బాప్తిస్మం ఇవ్వడం ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం పంచడం ఆగాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మా నాయనమ్మ వాళ్ళ పెద్దలు ఆ రోజుల్లో కాలువ మట్టి మోసినవాళ్ళు. తట్టకి ఎంత ఇచ్చేవాళ్ళు, గంజి ఎక్కడ పోసేవాళ్ళు, అవే మా ఇంట్లో చెప్పుకునే కథలు. మా పాపానికే కరువొచ్చిందని మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

కోతపండుగ:
టీచరమ్మ గారూ, మా పెద్దలూ ఆ కాలువే.

మట్టి_పరీక్ష:
అసలు ప్రశ్న దశమభాగం కదా, అక్కడికి ఎవరూ రాలేదు. మలాకీ 3 చదివి వచ్చాను, నాకు అర్థమైంది చెబుతా, తప్పైతే పాస్టర్ గారు దిద్దాలి.

ఎనిమిదో వచనంలో దేవుణ్ణి దోచుకున్నారు అంటాడు, పదిలో పదియవ భాగం కొట్టుకి తెమ్మంటాడు, పదకొండులో తినివేసే పురుగుని గద్దిస్తానంటాడు. కానీ అదే అధ్యాయం ఐదో వచనంలో కూలివాడి జీతం దగ్గర మోసం చేసేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రి లేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద సాక్ష్యం చెబుతానంటాడు. ఐదు వదిలేసి ఎనిమిది నుంచి మొదలుపెట్టడం ఏం లెక్క?

పైగా అది పండిన దాంట్లో పదో వంతు, ధాన్యంగానే. ద్వితీయోపదేశకాండం 14 చివర, ప్రతి మూడో ఏటి పదో వంతు ఊళ్ళోనే ఉంచి, గుడి సేవ చేసే, భూమి లేని లేవీయుడు, పరదేశి, తండ్రి లేని పిల్లలు, విధవరాలు తిని తృప్తి పడాలి అంటుంది. నల్లరేగడి వాళ్ళ నాన్న రెండుసార్లు విత్తనం కొని అప్పులో ఉన్నాడు. ఆ లెక్కన ఆ ఏడు ఆయన ఇచ్చేవాళ్ళ వరసలో ఉంటాడా, పెట్టించుకునేవాళ్ళ వరసలో ఉంటాడా?

కోతపండుగ:
దిద్దడానికేం లేదు సార్. ఐదో వచనం మీద నేనూ ఎప్పుడూ ప్రసంగం చేయలేదు, సిగ్గుగానే ఉంది. సిగ్గు అంటే గుర్తొచ్చింది. యిర్మీయా 14లో వాన లేక నేల బీటలు వారితే సేద్యగాళ్ళు సిగ్గుతో తలలు కప్పుకున్నారు అని ఉంటుంది. నల్లరేగడి గారూ, మీ నాన్నగారు అన్నం ముట్టలేదని చదివినప్పుడు నాకు ముందు తట్టిన వచనం అది. అక్కడ దేవుడు యిర్మీయాతో ఈ జనం కోసం ప్రార్థన చేయొద్దు అంటాడు. యిర్మీయా వినడు, చేస్తాడు. అధ్యాయం చివరి మాట వాన గురించిన ప్రార్థనే.

నల్లరేగడి:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఫోన్లో నాన్నకి కొంచెం కొంచెంగా చెప్పాను. యెషయా లెక్క వినగానే "పదికి ఒకటా" అని రెండుసార్లు అన్నారు. తర్వాత హగ్గయి రెండో అధ్యాయం చదివి వినిపించాను. ఇరవై కుప్పలనుకుని వెళ్తే పదే ఉండటం, తొట్టిలో యాభై కొలతలు తోడదామని వెళ్తే ఇరవయ్యే ఉండటం. ఆ తర్వాత తొమ్మిదో నెల ఇరవై నాలుగో రోజున, కొట్లో ధాన్యం ఇంకా ఉందా అని అడిగి, ఈ రోజు నుంచి మిమ్మల్ని ఆశీర్వదిస్తాను అనడం.

నాన్న అడిగారు, అది మన లెక్కలో ఏ నెల అని. డిసెంబర్ అన్నాను. "అయితే విత్తేసుంటారు. కొట్లో ఏముంటుంది, చేలో ఉంటుంది" అన్నారు. కాసేపాగి, "మరి తర్వాతి ఏడు పండిందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎవరికైనా తెలుసా?

గుండ్లకమ్మ:
రాయలేదు బాబూ. హగ్గయి అక్కడితో ఆగిపోతాడు. దేవాలయం దర్యావేషు ఆరో ఏట పూర్తయిందని ఎజ్రా గ్రంథంలో ఉంది, పంట సంగతి లేదు. హగ్గయి మాట్లాడిన 75 ఏళ్ళకి నెహెమ్యా యూదాకి అధికారిగా వచ్చాడు. అతని ఐదో అధ్యాయంలో అదే యెరూషలేములో జనం గగ్గోలు పెడుతుంటారు. క్షామంలో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టామని, రాజుకి పన్ను కట్టడానికి అప్పు చేశామని, పిల్లల్ని దాస్యానికి పంపుతున్నామని. అప్పటికి దేవాలయం ఉంది. నెహెమ్యా వాళ్ళని మీరేం పాపం చేశారని అడగడు. అప్పులిచ్చిన పెద్దల్ని పిలిచి, పొలాలు తిరిగిచ్చేయండి, తీసుకుంటున్న నూరో వంతు కూడా మానేయండి అంటాడు.

నల్లరేగడి:
చదివి వినిపించాను. నూరో వంతు అంటే ఏంటని అడిగారు.

డల్లాస్_నుంచి_దాసు:
వడ్డీ అనే చాలామంది అంటారు. నెలకి నూటికి ఒకటి.

నల్లరేగడి:
చెప్పాను. నాన్న నవ్వారు, చాలా రోజుల తర్వాత. "రూపాయి వడ్డీయా? నాకు రెండు రూపాయలకి తక్కువ ఎవడిచ్చాడు" అన్నారు.